విరాసత్ కాగితంలో ఆడబిడ్డ పేరు

మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక మండల కేంద్రం. తహసీల్దారు ఆఫీసు దగ్గర సందులో మేము మీసేవ నడుపుతాం. మా ఆయన ఆధార్, సర్టిఫికెట్ల కౌంటర్ చూసుకుంటారు, భూముల పని నాది. పట్టాదారు చనిపోతే భూమిని వారసుల పేరు మీదికి మార్చే పనిని మా దగ్గర విరాసత్ అంటారు. ఆ పని మీద వచ్చే కుటుంబాలను చూసీ చూసీ ఈ పోస్టు రాస్తున్నాను. చదివేవాళ్లలో ఒక్క చెల్లెలైనా, ఒక్క అన్నయినా దీన్ని మనసుకు పట్టించుకుంటే చాలు.

విరాసత్‌కు వచ్చేవాళ్ల చేతిలో కవరు ఉంటుంది. మరణ ధ్రువీకరణ పత్రం, పాత పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సులు, వారసుల పేర్లు రాసిన తెల్లకాగితం. ఆ కాగితంలో తల్లి పేరు ఉంటుంది, కొడుకుల పేర్లు ఉంటాయి. చాలాసార్లు అంతటితో అయిపోతుంది. నేను అడుగుతాను, "ఆడబిడ్డలు లేరా అన్నా?"

"ఉన్నరు మేడం, ఇద్దరు. వాళ్ల పెండ్లిళ్లు అయిపోయినయి."

ఈ మాట అనేవాళ్లందరూ మోసం చేద్దామని వచ్చినవాళ్లు కారు. పెళ్లయిన బిడ్డ వారసురాలు కాదని నిజంగానే నమ్ముతారు. పక్కన కూర్చున్న తల్లి కూడా తల ఊపుతుంది. హిందూ వారసత్వ చట్టాన్ని కేంద్రం సవరించి, బిడ్డకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది 2005 సెప్టెంబరు 9న. ఇరవై ఏళ్లు దాటింది. ఢిల్లీ నుంచి మా సందులోకి ఆ చట్టం ఇంకా పూర్తిగా చేరలేదు.

మా అమ్మ సంగతి చెప్తే ఈ చట్టం ఎట్లా మారుతూ వచ్చిందో సులువుగా తెలుస్తుంది. మా అమ్మమ్మ వాళ్లది మర్రిగూడ వైపు పల్లె. తాతకు వాళ్ల నాయిన నుంచి వచ్చిన పదెకరాల చెలక. బావి కింద కొంత బత్తాయి తోట, మిగిలినదంతా ఆముదం, కంది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు బిడ్డలు. అమ్మ పెద్దది, 1981లో పెళ్లయింది. చిన్నమ్మ పెళ్లి 1987లో. తాత 1994లో పోయాడు. వీలునామా లేదు, పంపకాల కాగితం లేదు. మామయ్యలు దున్నుకుంటూ పోయారు.

ఆ రోజుల్లో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఉంది. దాని ప్రకారం తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులకే. అయితే తండ్రి చనిపోతే ఆయన వంతు వరకు భార్యకు, కొడుకులకు, బిడ్డలకు సమానంగా రావాలి. ఇంతలో 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు సొంతంగా సవరణ తెచ్చింది. దేశంలో ఎన్నో రాష్ట్రాలకంటే ముందే మన దగ్గర ఆడపిల్లకు పుట్టుకతో సమాన హక్కు వచ్చింది. దానికి ఒక షరతు ఉంది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లయిపోయిన బిడ్డలకు అది వర్తించదు. అంటే మా చిన్నమ్మకు హక్కు ఉంది, ఒకే తల్లికి పుట్టిన మా అమ్మకు లేదు.

లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే మా కౌంటర్ దగ్గర అందరూ అడిగేది ఇదే. 1994లో తాత పోయిన రోజున ఆ పదెకరాలు, అంటే 400 గుంటలు, తాతకు, ఇద్దరు మామయ్యలకు, చిన్నమ్మకు నాలుగు వంతులు. తలా 100 గుంటలు. తాత వంతు 100 గుంటలు అమ్మమ్మకు, నలుగురు పిల్లలకు తలా 20. చిన్నమ్మకు మొత్తం మూడెకరాలు, మా అమ్మకు 20 గుంటలు. 2005 సవరణ వచ్చాక పెళ్లి ఎప్పుడైందన్న ప్రశ్నే పోయింది. తాతతో కలిపి ఐదు వంతులు, తలా 80 గుంటలు. తాత వంతు 80లో తలా 16. అమ్మకు, చిన్నమ్మకు, మామయ్యలకు ఒక్కొక్కరికి 96 గుంటలు, అంటే రెండెకరాల 16 గుంటలు. అమ్మమ్మకు 16 గుంటలు. అర ఎకరం నుంచి దాదాపు రెండున్నర ఎకరాలకు! ఇదంతా మా అమ్మకు తెలియకుండానే జరిగిపోయింది. ఆమె ఆ ఏడు కూలికి పోయి మాకు ఫీజులు కట్టింది.

తాత 2005 కంటే ముందే చనిపోయాడు కదా, కొత్త చట్టం వర్తిస్తుందా అన్న ప్రశ్న మీద కోర్టుల్లో చాలాకాలం గొడవ నడిచింది. 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలంది. 2018లో వచ్చిన ఇంకో తీర్పు మరోలా ఉంది. చివరికి 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది. బిడ్డ హక్కు పుట్టుకతో వచ్చేది, ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో సంబంధం లేదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్ అయిన పంపకం గానీ, కోర్టు డిక్రీతో జరిగిన పంపకం గానీ ఉంటే దాన్ని ఇప్పుడు కదిలించలేరు. "అప్పట్లోనే నోటిమాటతో పంచుకున్నాం" అంటే మామూలుగా చెల్లదు, దానికి బలమైన ప్రభుత్వ రికార్డుల రుజువు చూపాలి. మా ప్రాంతంలో పంపకాల్లో సగానికి సగం నోటిమాటలే కాబట్టి ఈ ఒక్క ముక్క ఎంత పెద్దదో ఊళ్లో ఉన్నవాళ్లకు అర్థమవుతుంది.

ఈ సవరణ ఒక్కరోజులో ఊడిపడలేదు. హిందువుల పెళ్లి, వారసత్వ చట్టాలను మార్చే హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనివ్వలేదని 1951లో అంబేడ్కర్ కేంద్ర మంత్రి పదవికే రాజీనామా చేశారు. 2000 సంవత్సరంలో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అధ్యక్షుడుగా ఉన్న లా కమిషన్, ఆడవాళ్ల ఆస్తి హక్కుల మీద 174వ నివేదిక ఇచ్చింది. మన తెలుగు మనిషి చేతుల మీదుగా వచ్చిన నివేదిక అది. ఆ తర్వాతే 2005. ఆ సవరణలో చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. వ్యవసాయ భూమి వారసత్వాన్ని కొన్ని రాష్ట్రాల కౌలు, కమతాల చట్టాలకు వదిలేసే పాత ఉపసెక్షన్‌ను తీసేశారు. పుట్టింట్లో కొడుకులు పంచుకునేదాకా బిడ్డ ఆ ఇంట్లో వాటా అడగకూడదన్న సెక్షన్‌ను కూడా తీసేశారు.

ఇక మా అమ్మ వాళ్ల భూమి. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన జరిగినప్పుడు మొత్తం మామయ్యల పేరు మీద ఎక్కింది. 2018లో కొత్త పాస్‌బుక్కులు వచ్చాయి, రైతుబంధు డబ్బులు మొదలయ్యాయి. అప్పటికి మా అమ్మ నోరు విప్పలేదు. 2020 తీర్పు పేపర్లో చదివి చిన్నమ్మ ఫోన్ చేసింది. "అక్కా, మనకు గూడ ఉన్నదట" అంది. అమ్మ భయపడింది. "తోడబుట్టినోళ్లతోని కోర్టుకెక్కితే రేపు నా పీనుగ మీద చీర ఎవరు కప్పుతరు?" అని ఏడ్చింది. ఈ భయం ఉత్తదని నేను అనను. ఆడమనిషికి పుట్టింటి తోవ ఉందన్న ధైర్యం మీదే అత్తింట్లో బతుకు నిలబడుతుంది. తాగి కొట్టిన రాత్రి ఎక్కి పోయే బస్సు అది.

కోర్టుకు పోలేదు. పెద్దమనుషుల్లో మాట్లాడారు. చిన్న మామయ్య ఒప్పుకున్నాడు, పెద్ద మామయ్య నెలలపాటు ఒప్పుకోలేదు. చివరికి అమ్మకు ఎకరం, చిన్నమ్మకు ఎకరం రిజిస్టర్ చేసిచ్చారు. వాటా ఇంకా ఎక్కువ వస్తుందని అమ్మకు లెక్క వేసి చూపించాను. "తెలుసు బిడ్డా. నాకు ఇది చాలు, మిగిలింది నేనే విడిచిపెడుతున్న" అంది. ఆమె నిర్ణయం నాకు పూర్తిగా నచ్చకపోయినా కాదనలేదు. లెక్క తెలిసి, తన ఇష్టంతో విడిచిపెట్టింది. ఇప్పుడు పాస్‌బుక్కు మీద ఆమె ఫోటో ఉంది, సీజనుకు ఎకరానికి 6 వేల చొప్పున రైతు భరోసా ఆమె ఖాతాకే వస్తుంది. పెద్ద మామయ్య మాత్రం ఇప్పటికీ మా ఇంటికి రాడు.

నాకు కడుపు మండేది తెలియకుండా విడిచిపెట్టించే చోట. తండ్రి పోయిన పదకొండో దినం. ఇల్లంతా చుట్టాలు. బిడ్డలు ఏడ్చి ఏడ్చి కండ్లు వాచి ఉంటారు, వాళ్ల భర్తలు మరుసటి రోజు బస్సుకు పోవాలని తొందరపెడుతుంటారు. అప్పుడు ఒక కాగితం వస్తుంది. "నాయిన భూమి మా పేరు మీదికి మారాలంటే మీ సంతకం గావాలంట" అంటారు. చదవమని ఎవరూ అనరు. సంతకం పెడతారు. చదువురాని అక్క వేలిముద్ర వేస్తుంది. ఆమెకు తర్వాత ఒడిబియ్యం పోసి చీర పెడతారు. మూడు లక్షలో ముప్పై లక్షలో చేసే భూమి ఆ చీరతో తీరిపోతుంది. చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపురం వైపు రీజినల్ రింగ్ రోడ్డు మాట వచ్చాక ఎకరం ధర ఎట్లా పెరిగిందో అందరికీ తెలుసు. ధర పెరిగిన కొద్దీ ఆ కాగితం ఇంకా తొందరగా బయటికి వస్తోంది.

అక్కలారా, చెల్లెళ్లారా, దినాల ఇంట్లో దేని మీదా సంతకం పెట్టకండి. విరాసత్‌కు అంత తొందరేమీ లేదు. "ఇంటికి తీసుకపోయి చదువుకొని పెడతా" అంటే అది తగువు పెట్టుకోవడం కిందికి రాదు. వంద రూపాయల బాండు పేపరు మీద నోటరీ చేయించిన కాగితంతో భూమి మీద మీ హక్కు పోదు, స్థిరాస్తి హక్కు విడుదల పత్రం రిజిస్టర్ కావాలి. కానీ ఆ బాండును ముందు పెట్టి రేపు కోర్టులో ఏళ్ల తరబడి తిప్పగలరు. అందుకే మొదటే ఆగండి.

మా కౌంటర్ దగ్గర అన్నలు చెప్పే మాట ఎప్పుడూ ఒకటే ఉంటుంది. "పెండ్లికి కట్నం ఇచ్చినం, బండి ఇచ్చినం, రెండు కాన్పులు చేసినం. ఇంకేం వాటా?" ఈ మాటలో బాధ ఉంది, కొట్టిపారేయను. బిడ్డ పెళ్లికి చేసిన అప్పు తీర్చలేక బోరు ఎండిన బత్తాయి తోటను నరికి కట్టెలకు అమ్ముకున్న కుటుంబాలు మా చుట్టుపక్కల ఉన్నాయి. కానీ ఆ కట్నం ఎవరి చేతికి పోయింది? అల్లుడి ఇంటికి. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచి నేరం. అదే చట్టం, ఒకవేళ కట్నం ఎవరైనా తీసుకుంటే దాన్ని ఆ ఆడమనిషికే అప్పజెప్పాలని కూడా చెప్తుంది. మా వైపు ఏ కోడలి పేరు మీదైనా ఆ డబ్బు ఉందా? చట్టవిరుద్ధంగా ఇంకొకరికి ఇచ్చిన డబ్బును బిడ్డ వాటా కింద జమ కట్టడం న్యాయం కాదు. కట్నానికి పెట్టే ఆ పది లక్షలు బిడ్డ పేరు మీద భూమిగా పెట్టండి అని పెళ్లి సంబంధాలు చూస్తున్న తండ్రులకు నేను మొహమాటం లేకుండా చెప్తాను. కొందరు కోపం చేసుకుంటారు.

"ముసలోళ్లను చూసేది మేము" అన్నది ఇంకో మాట. ఇందులో నిజం ఎక్కువ. వాటా తీసుకున్న బిడ్డ నాయిన డయాలసిస్ ఖర్చులో, అమ్మ కండ్ల ఆపరేషన్‌లో పాలు పంచుకోవాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో పిల్లలంటే కొడుకులూ బిడ్డలూ ఇద్దరూ. బాధ్యత సమానం చేసిన కేంద్రమే వాటా కూడా సమానం చేసింది. రెండూ కలిపి తీసుకుందాం.

తండ్రి సొంతంగా కొన్న భూమి సంగతి వేరు. దాన్ని ఆయన వీలునామా రాసి ఎవరికైనా ఇవ్వొచ్చు. వీలునామా లేకుండా పోతే భార్యకు, కొడుకులకు, బిడ్డలకు, తల్లి బతికి ఉంటే ఆమెకు సమానంగా వస్తుంది. ఉమ్మడి ఆస్తిలో మాత్రం తన వంతును తప్ప బిడ్డ వంతును తండ్రి రాసివ్వలేడు. మా దగ్గర సాదాబైనామా మీద, అంటే రిజిస్టర్ చేయకుండా తెల్లకాగితం మీద రాసుకొని, కొన్న భూములు చాలా ఉన్నాయి, అవి ఎవరి సొంతం, ఎవరి ఉమ్మడి అని తేల్చడానికి వకీలు కావాల్సిందే.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. దేవరకొండ చుట్టూ తండాలు. మా సెంటర్‌కు లంబాడీ అక్కలు చాలామంది వస్తారు. ఒకామె భర్త వదిలేసి పోతే పుట్టింటి తండాలోనే గుడిసె వేసుకొని ఉంటోంది. నాయిన పోయాడు. "నాకు వాటా వస్తదా మేడం?" అని అడిగింది. నేను వెంటనే వస్తుందని చెప్పలేకపోయాను. హిందూ వారసత్వ చట్టంలో రెండో సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. పక్క ఊళ్లో బీసీ చెల్లెలికి ఉన్న హక్కు తండా చెల్లెలికి కాగితం మీద లేదు. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ తేడా గురించి ఆలోచించి చట్టం మార్చే సంగతి చూడమని కేంద్రానికి చెప్పింది. 2025 జూలైలో ఇంకో కేసులో, ఆడవాళ్లకు వాటా లేదని చెప్పే ఆచారం ఉందని రుజువు చేయనంతవరకు గిరిజన స్త్రీకి వాటా నిరాకరించడం సమానత్వ హక్కుకు విరుద్ధమని తీర్పు ఇచ్చింది. అంటే ఆమెకు దారి పూర్తిగా మూసుకుపోలేదు, కానీ ఆ దారి కోర్టు గుండానే పోతుంది. గుడిసెలో ఉన్న మనిషిని కోర్టుకు పొమ్మనడం ఏం న్యాయం? పార్లమెంటు ఒక్క సవరణతో దీన్ని సరిచేయాలి. మా నియోజకవర్గంలో ఇన్ని తండాలు ఉన్నాయి, ఓట్లకు వచ్చే ప్రతి నాయకుణ్నీ తండా ఆడవాళ్లు ఈ ప్రశ్న అడగాలని నా కోరిక.

భూసేకరణలోనూ ఆడవాళ్ల పేరు ఇట్లాగే జారిపోతుంది. డిండి ఎత్తిపోతల కింద శివన్నగూడెం, కిష్టరాంపల్లి రిజర్వాయర్లకు భూములు పోయిన ఊళ్లు మాకు దగ్గరే. 2013 భూసేకరణ చట్టంలో భర్త పోయిన ఆమె, విడాకులైన ఆమె, ఇంటివాళ్లు వదిలేసిన ఆమె విడి కుటుంబం కింద లెక్క. వయసొచ్చిన ఆడపిల్ల కూడా విడి కుటుంబమే. మీ ఊరు ఏ ప్రాజెక్టు సర్వేలోనైనా ఉంటే కుటుంబాల జాబితాలో మీ పేరు విడిగా ఉందో లేదో చూసుకోండి.

ఇప్పటికే మీ పేరు లేకుండా విరాసత్ అయిపోయి ఉంటే భయపడకండి. పాస్‌బుక్కులో పేరు ఎక్కినంత మాత్రాన భూమి మీద హక్కు తేలిపోదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. భూ రికార్డుల ధరణి పోర్టల్ పోయి 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన భూభారతి చట్టంలో వారసత్వ మార్పుకు ముందు విచారణ జరగాలి, అధికారి ఆర్డరు మీద అప్పీలు చేసుకునే వీలు కూడా ఉంది. విరాసత్ ఇంకా కాకపోతే మీ నాయిన వారసుల్లో మీరూ ఉన్నారని తహసీల్దారుకు ముందుగానే రాసిచ్చి, ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి.

వకీలు ఫీజుకు డబ్బులు లేవని ఆగిపోవద్దు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెప్తారు. పోయేటప్పుడు తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్, మీరు ఆయన బిడ్డ అని చూపే స్కూలు సర్టిఫికెటో పాత రేషన్ కార్డో, భూమి సర్వే నంబర్లు రాసుకొని పోండి. ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో ఏటా రాసే పాత పహాణీల నకళ్లు కూడా ఉంటే మంచిది, భూమి తాతల నాటిదో నాయిన కొన్నదో తేల్చడానికి మొదట చూసేది వాటినే.